మెమరీ టైమింగ్స్‌కు బస్తర్ ఎండ పెట్టే పరీక్ష

మెమరీ స్టిక్ మీద అంటించిన చీటీలో 3600 అని, దాని పక్కన 18-22-22-42 అని అంకెలు కనిపిస్తాయి. హైదరాబాద్‌లో కొన్నా, బస్తర్‌లోని జగదల్‌పూర్‌కు తెప్పించుకున్నా చీటీ ఒకటే. ఇంట్లో డెస్క్‌టాప్ బిగించుకుని ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టినవాళ్లు బయాస్‌లో ముందుగా తగ్గించాలని చూసేది ఆ 18నే. అది సమయం కాదు, క్లాక్ టిక్కుల లెక్క.

డీడీఆర్4-3600 మెమరీ క్లాక్ సెకనుకు 180 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఒక్కో టిక్కు 0.556 నానోసెకన్లు. 18 టిక్కులంటే 10 నానోసెకన్లు. 3200 వేగంలో 16 పెట్టినా 10 నానోసెకన్లే. డీడీఆర్5-6000లో 30 అని చూసి నెమ్మదనుకుంటారు గానీ, అక్కడా 10 నానోసెకన్లే. రెండు దశాబ్దాల కిందటి డీడీఆర్-400లో 2 పెట్టినా లెక్క అంతే వస్తుంది. డేటా ధార ఎన్నో రెట్లు పెరిగినా మొదటి చుక్క రావడానికి పట్టే సమయం దాదాపు కదల్లేదు.

కారణం మెమరీ నిర్మాణంలో ఉంది. ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంట్ పొందిన అమరికలో ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. ఆ కెపాసిటర్‌లో ఉండేది కొన్ని పదివేల ఎలక్ట్రాన్ల పాటి ఛార్జ్. గ్రంథాలయంలో ముందు బీరువా తెరిచి, తర్వాత పుస్తకం తీసి, ఆ బీరువా మూశాకే ఇంకోటి తెరిచినట్టు ఇక్కడా ముందు ఒక వరుస తెరుచుకోవాలి. చీటీలోని రెండో అంకె అదే. మొదటిది తెరిచిన వరుసలోంచి పుస్తకం తీసే సమయం, మూడోది వరుస మూసే సమయం. నాలుగోది వరుస కనీసం ఎంతసేపు తెరిచి ఉండాలో చెబుతుంది. చదవగానే కెపాసిటర్‌లోని ఛార్జ్ చెదిరిపోతుంది కాబట్టి, మళ్లీ నింపేదాకా వరుస మూయకూడదు. తొందరపడి మూస్తే 1 కాస్తా 0గా మిగలవచ్చు.

చీటీ మీద లేని అంకె ఇంకొకటి ఉంది. మట్టికుండలో నీరు ఊరి తగ్గినట్టు కెపాసిటర్‌లో ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. అందుకే డీడీఆర్4 ప్రమాణం ప్రకారం ప్రతి గదినీ 64 మిల్లీసెకన్లలోపు తిరిగి నింపాలి. అందుకోసం ప్రతి 7.8 మైక్రోసెకన్లకు ఒక రిఫ్రెష్ ఆదేశం వెళుతుంది. ఆ సమయంలో మెమరీ వేరే పని చేయదు. ఓవర్‌క్లాకర్లకు అది కంటగింపు. రిఫ్రెష్ విరామాన్ని కొన్ని బోర్డులు 65,535 టిక్కుల దాకా సాగదీయనిస్తాయి. 3600 వేగంలో అది 36 మైక్రోసెకన్లు దాటుతుంది. అంటే ఒక్కో గది 64 బదులు దాదాపు 300 మిల్లీసెకన్లు ఛార్జ్ కాపాడుకోవాలి.

చిప్‌లు చాలావరకు కాపాడుకుంటాయి, చల్లగా ఉన్నంతవరకు. వేడి పెరిగితే కారడం వేగంగా పెరుగుతుంది. 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్‌ను రెట్టింపు చేయాలని ప్రమాణంలోనే ఉంది. ఇదే సంగతిని తలకిందులుగా చూపింది ప్రిన్స్‌టన్ బృందం 2008లో: మెమరీని బాగా చల్లబరిస్తే కరెంటు తీసేశాక కూడా డేటా నిమిషాల తరబడి నిలిచింది.

డిసెంబరు చలిరాత్రి జగదల్‌పూర్‌లో కుదిరిన అంకెలు మే మధ్యాహ్నం కుదరకపోవడానికి ఇదే మూలం. గదిలోనే 40 డిగ్రీలుంటే, క్యాబినెట్‌లో గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి కూడా కలిసి స్టిక్ ఇంకా కాగుతుంది. కంప్యూటర్ ఆగిపోతే అదృష్టమే, తప్పు తెలుస్తుంది. ఆగకుండా ఒక బిట్‌ను మార్చి, ఆ ఫైలును అలాగే డిస్క్‌లో దాచేస్తే పాడైందని నెలల తర్వాత గానీ తెలియదు. డీడీఆర్5 చిప్‌ల లోపల సవరణ ఏర్పాటు ఉన్నా, చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో దొర్లే తప్పును అది పట్టుకోదు. పైగా స్టిక్ మార్చాలంటే రాయ్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు, కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం కూడా దగ్గరేమీ కాదు.

కాబట్టి ఎంచుకునే క్రమం ముఖ్యం. ముందు తయారీదారు ఇచ్చిన ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ పెట్టి, దానితోనే మెమ్‌టెస్ట్86 నడపాలి. ప్రొఫైల్ కూడా ఓవర్‌క్లాకింగే, కానీ తెలిసిన చోటు. తర్వాత ఒకసారికి ఒక్క అంకెనే, ఒక్కో టిక్కు చొప్పున తగ్గించాలి. మూడు నాలుగు కలిపి మారిస్తే ఏది దెబ్బతీసిందో తేలదు. వోల్టేజీ పెంచి అంకె తగ్గించుకోవచ్చు గానీ, ఆ వోల్టేజీ వేడిని కూడా పెంచుతుంది. 1.2 వోల్టుల డీడీఆర్4ను ప్రొఫైళ్లు తరచూ 1.35కు తీసుకెళతాయి. బస్తర్ వేసవికి అక్కడే ఆగడం మేలు. రిఫ్రెష్ విరామాన్ని ముట్టుకోకపోతే పోయేది కొద్దిపాటి వేగమే, మామూలు పనుల్లో కంటికి కూడా ఆనదు.

పరీక్ష పెట్టే వేళ మాత్రం రాత్రి కాకూడదు. క్యాబినెట్ తలుపు బిగించి, గ్రాఫిక్స్ కార్డుకు కూడా పని అప్పగించి, మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాలి. గంటల తర్వాత ఒక్క తప్పు కనిపించినా ఆ అంకెను ఒక టిక్కు వెనక్కి జరపాలి.