ఎండిన బోరుకు ఊపిరి పోసేనా?
చమురు బావుల పరిజ్ఞానం.. రైతు తెలుసుకోవలసిన పరిమితులు

మెండోర: శ్రీరామసాగర్ జలాశయం చెంతనే ఉన్నా, కాలువ నీరు అందని పొలాలకు బోరుబావే దిక్కు. బోరు ఎండితే మరొకటి వేయించడం, అందులోనూ నీరు పడక అప్పుల పాలు కావడం రైతుకు పరిపాటి. ఈ నేపథ్యంలో పాత బోరునే బాగుచేసే పద్ధతిగా 'హైడ్రో ఫ్రాక్చరింగ్' వినిపిస్తోంది. ఇది ఎక్కడ ఫలిస్తుందో తెలియకుండా డబ్బు వెచ్చిస్తే మరో నష్టమే మిగులుతుంది.

చమురు రంగమే పుట్టిల్లు

అమెరికాలో 1949లో చమురు బావుల్లో ఈ విధానాన్ని వాణిజ్యపరంగా తొలిసారి వినియోగించారు. బిగువైన షేల్ రాతి పొరల్లో చిక్కుకున్న గ్యాసును వెలికితీయడానికి బావిని నిలువుగా బాగా లోతుకు తవ్వి, ఆపై పొర వెంబడి అడ్డంగా మళ్లిస్తారు. ఉక్కు గొట్టం దింపి, చుట్టూ సిమెంటుతో బిగించి, చిన్న పేలుళ్లతో రంధ్రాలు చేస్తారు. ఇసుక, కొద్దిపాటి రసాయనాలు కలిపిన నీటిని అధిక పీడనంతో పంపగా రాయి చీలుతుంది. పీడనం తగ్గినా చీలికలు మూసుకోకుండా ఇసుక రేణువులు అడ్డుపడతాయి. అడ్డబావి పొడవునా విడతలవారీగా ఇదే ప్రక్రియ సాగుతుంది.

బోరుబావిలో ఇలా..

బోరుబావిలో అడ్డంగా తవ్వే పని లేదు, రసాయనాలూ అక్కరలేదు. కేసింగుకు దిగువన గట్టి రాతిలో రబ్బరు ప్యాకర్‌ను బిగించి, దాని కిందికి మంచినీటిని ఒత్తిడితో పంపుతారు. పగుళ్లలో పేరుకున్న మట్టి తొలగి, సన్నని పగుళ్లు విచ్చుకుని, సమీపంలోని నీటి పగుళ్లతో కలిసే అవకాశం ఏర్పడుతుంది. అనంతరం కంప్రెసర్‌తో బోరును శుభ్రం చేస్తారు.

నీటిని సృష్టించదు

జిల్లాలో అధిక భాగం గ్రానైటు, నైసు రాళ్ల నేల. ఇక్కడ లోతున నీరుండేది రాతి పగుళ్లలోనే. చుట్టూ నీరుండి దారి మాత్రమే మూసుకుపోయిన బోరుకు ఈ పద్ధతి మేలు చేస్తుంది. భూగర్భ జలమట్టమే బోరు అడుగుకు దిగజారిన చోట ఎంత ఒత్తిడి పెట్టినా ఫలితం శూన్యం. పైగా కొత్తగా వచ్చే నీరు పొరుగు రైతు బోరుకు చేరవలసినదీ కావచ్చు.

కనుక ముందుగా ఇరుగుపొరుగు బోర్లలో నీటిమట్టం, తవ్విన నాటి నీటి రాబడి, కేసింగు స్థితి పరిశీలించాలి. పనికి ముందూ తర్వాతా రాబడిని కొలిపించుకోవాలి. వాన నీటిని ఇంకించే కుంటలు, ఇంకుడు గుంతలు లేనిదే తెరిచిన పగుళ్లలోకి సైతం నీరు రాదు.