బేరం తెలిసిన జట్టుకే బరిలో బలం

ఢిల్లీ క్రికెట్ జట్టు మార్పిడులు, వేలం కొనుగోళ్లు చెబుతున్న పాఠం

కరోల్ బాగ్ (న్యూఢిల్లీ): అజ్మల్ ఖాన్ రోడ్డులో బట్టల బేరం, బ్యాంక్ స్ట్రీట్‌లో బంగారం బేరం, గఫార్ మార్కెట్‌లో పాత ఫోను ఇచ్చి కొత్త ఫోను పుచ్చుకునే బేరం. రాజధానిలోని కరోల్ బాగ్‌కు బేరమే ఊపిరి. సివిల్ సర్వీసుల శిక్షణ నిమిత్తం ఇక్కడా, పక్కనున్న పాత రాజేంద్రనగర్‌లోనూ గదులు అద్దెకు తీసుకుని ఉండే తెలుగు విద్యార్థులు సైతం ఈ విద్యను త్వరగానే అలవరచుకుంటారు. చేతిలోని సొమ్ము ఎంత, ఇంట్లో ఉన్న వస్తువు విలువ ఎంత, ఎదుటివాడి అవసరం ఎంత అన్న మూడు లెక్కలు తెలియనివాడు ఈ బజారులో నెగ్గలేడు.

ఇక్కడ మెట్రో రైలెక్కి మండీ హౌస్‌లో మారితే ఢిల్లీ గేట్ స్టేషన్ వస్తుంది. దానికి సమీపంలోనే ఫిరోజ్ షా కోట్లా మైదానం ఉంది. అక్కడి స్టేడియానికి 2019లో అరుణ్ జైట్లీ పేరు పెట్టారు. ఆ మైదానమే సొంతగడ్డగా ఇండియన్ ప్రీమియర్ లీగ్‌లో ఆడుతున్న ఢిల్లీ జట్టు 2008 నుంచి 2025 వరకు జరిగిన 18 పోటీలలో ఒక్కసారి కూడా విజేత కాలేకపోయింది. ఆ జట్టుకు మేటి ఆటగాళ్లు దొరకక కాదు. దొరికినవారిని నిలుపుకోవడంలోనూ, వదులుకోవడంలోనూ తప్పిన లెక్కలే ఈ లోటుకు ముఖ్య కారణమని జట్టు చరిత్రను తిరగేస్తే బోధపడుతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే, ఢిల్లీ కరోల్ బాగ్ బేరం మరచింది.

తెలుగువారికీ పట్టింపు

ఈ జట్టు జయాపజయాలు తెలుగువారికి బొత్తిగా పరాయి విషయాలు కావు. 2008 జనవరిలో ఢిల్లీ ఫ్రాంచైజీని 8.4 కోట్ల డాలర్లకు దక్కించుకున్నది ఉత్తరాంధ్రలోని రాజాంకు చెందిన గ్రంథి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ సంస్థ. 2018లో జేఎస్‌డబ్ల్యూ సంస్థ రూ.550 కోట్లతో సగం వాటా కొన్నది. అదే ఏడాది డిసెంబరులో ‘డేర్‌డెవిల్స్’ పేరు ‘క్యాపిటల్స్’గా మారింది. 2024 అక్టోబరులో క్రికెట్ వ్యవహారాల డైరెక్టరుగా నియమితుడైన వై. వేణుగోపాలరావు విశాఖపట్నం వాసి, భారత జట్టు మాజీ ఆటగాడు. 2024, 2025 సంవత్సరాలలో ఈ జట్టు తన సొంత మ్యాచ్‌లలో కొన్నింటిని విశాఖలోనే ఆడింది.

మూడు దారులు

ఒక సీజను ముగిసి మరొకటి మొదలయ్యే వరకు ఏ ఫ్రాంచైజీకైనా మూడు మార్గాలుంటాయి. మొదటిది ఉన్నవారిలో ఎవరిని అట్టిపెట్టుకోవాలో, ఎవరిని విడిచిపెట్టాలో తేల్చుకోవడం. రెండవది మార్పిడి. సీజను ముగిశాక మొదలై, వేలానికి వారం ముందు వరకు జట్లు పరస్పరం ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవచ్చు. వేలం ముగిశాక మరికొంత కాలం కూడా ఈ వెసులుబాటు ఉంటుంది. ఆటగాడికి బదులు ఆటగాడిని గానీ, కేవలం నగదును గానీ ఇవ్వవచ్చు. అయితే సదరు ఆటగాడి సమ్మతి తప్పనిసరి. మూడవది బహిరంగ వేలం.

ఈ మూడింటినీ కట్టడి చేసేది కొనుగోలు సొమ్ముపై విధించిన పరిమితి. 2008లో జట్టుకు 50 లక్షల డాలర్లుగా ఉన్న ఈ మొత్తం 2025 సీజనుకు రూ.120 కోట్లకు, 2026 సీజనుకు రూ.125 కోట్లకు పెరిగింది. 2023-27 మధ్య ప్రసార హక్కుల విక్రయం ద్వారా భారత క్రికెట్ బోర్డుకు రూ.48,390 కోట్లు సమకూరనున్నా, యజమాని ఎంత సంపన్నుడైనా ఈ పరిమితి దాటి ఖర్చు చేయరాదు. జట్టులో 25 మందికి మించరాదు. విదేశీయులు ఎనిమిది మందికి, బరిలో నలుగురికి మించరాదు. కనుక ఇది ధనబలం పోటీ కాదు, విలువ కట్టడంలో పోటీ.

అమెరికాలో ఆటగాడిదే ఎంపిక

ఆటగాళ్ల మార్పిడికి పుట్టినిల్లనదగిన అమెరికా బేస్‌బాల్‌లో పద్ధతి వేరు. సెయింట్ లూయీ జట్టు తనను 1969లో ఫిలడెల్ఫియాకు బదలాయించినప్పుడు కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు నిరాకరించి కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అయినా ఆ పోరాటం వృథా పోలేదు. 1975లో వెలువడిన ఒక మధ్యవర్తిత్వ తీర్పుతో ఒప్పందం ముగిసిన ఆటగాడు స్వేచ్ఛగా తనకు నచ్చిన జట్టును ఎంచుకునే మార్గం ఏర్పడింది. నేడు అక్కడ ఆరేళ్ల సర్వీసు పూర్తిచేసినవారికి ఆ హక్కు లభిస్తున్నది. 2024 డిసెంబరులో హువాన్ సోటో న్యూయార్క్ మెట్స్ జట్టుతో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నది ఈ పద్ధతిలోనే.

మన లీగ్‌లో ఒప్పందం వీడిన ఆటగాడు జట్టును ఎంచుకోలేడు. వేలంలో ఎక్కువ పాట పాడినవారికే అతడు దక్కుతాడు. అందువల్ల ఇక్కడ ఒకసారి చేజారిన ఆటగాణ్ణి తిరిగి రప్పించుకోవడం ఫ్రాంచైజీకి బహు కష్టం.

చేజారిన సరుకు

ఢిల్లీ తొలి పొరపాటు తొలి ఏడాదే జరిగింది. 2008లో అండర్-19 ఆటగాళ్ల కేటాయింపులో స్థానికుడైన విరాట్ కోహ్లీని కాదని, బౌలర్ అవసరం ఉందన్న లెక్కతో ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకున్నది. సెహ్వాగ్, గంభీర్, దిల్షాన్, డివిలియర్స్ వంటి బ్యాట్స్‌మెన్ అప్పటికే ఉన్నారు గనుక ఆనాటికి ఆ లెక్క సబబే. కాని ఒక సీజను అవసరానికి ఒక తరం విలువ బలైపోయింది. కోహ్లీ బెంగళూరు పాలయ్యాడు.

2011 వేలానికి ముందు ఢిల్లీ సెహ్వాగ్ ఒక్కణ్ణే అట్టిపెట్టుకున్నది. మరో స్థానికుడు గంభీర్‌ను కోల్‌కతా 24 లక్షల డాలర్లకు ఎగరేసుకుపోయింది. అతడి నాయకత్వంలో కోల్‌కతా 2012లోనూ, 2014లోనూ విజేతగా నిలిచింది. డివిలియర్స్ బెంగళూరుకు చేరాడు. ఉన్నవారిని ఇలా పోగొట్టుకున్న జట్టే 2015లో యువరాజ్ సింగ్ కోసం రూ.16 కోట్లు వెచ్చించింది. ఆ సీజనులో అతడు చేసినవి 248 పరుగులు. మరుసటి ఏడాది ఢిల్లీ విడిచిపెట్టగా హైదరాబాద్ రూ.7 కోట్లకు కొనుక్కుని విజేతగా నిలవడం గమనార్హం.

అన్నిటికంటె బాధాకరమైనది 2020 ఉదంతం. న్యూజిలాండ్ బౌలర్ ట్రెంట్ బౌల్ట్‌కు 2019లో ఢిల్లీ కొన్ని మ్యాచ్‌లలోనే అవకాశం ఇవ్వగలిగింది. బరిలో నలుగురే విదేశీయులన్న నిబంధన, రబాడ ఉండడం అందుకు కారణాలు. ఆ ఏడాది చివర అతణ్ణి ముంబయికి ఇచ్చివేసింది. 2020 నవంబరు 10న దుబాయ్‌లో ఢిల్లీ తన తొలి ఫైనల్ ఆడింది. ముంబయి తరఫున తొలి బంతికే వికెట్ తీసిన బౌల్ట్ 30 పరుగులకు మూడు వికెట్లు సాధించి ‘మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్’గా నిలిచాడు. తనకు మిగులుగా తోచిన ఆటగాడు ప్రత్యర్థికి ఆయుధం కావచ్చునన్న లెక్కను ఢిల్లీ వేయలేదు.

హైదరాబాద్‌తో బేరం

అన్ని మార్పిడులూ నష్టదాయకాలు కావు. 2018 నవంబరులో ఢిల్లీ, హైదరాబాద్ జట్ల మధ్య కుదిరిన ఒప్పందం ఇందుకు నిదర్శనం. వేలంలో రూ.5.2 కోట్లు పలికిన శిఖర్ ధావన్‌ను హైదరాబాద్ ఢిల్లీకి ఇచ్చింది. బదులుగా విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మలను స్వీకరించింది. ఆ ముగ్గురి ధరలు కలిపితే రూ.6.95 కోట్లు. తేడా సొమ్మును హైదరాబాద్ చెల్లించింది.

ధావన్ తరువాతి మూడు సీజన్లలో ఢిల్లీకి వరుసగా 521, 618, 587 పరుగులు చేసి ఇచ్చాడు. ఆ కాలమంతా బేరంలో ఢిల్లీయే నెగ్గినట్లు కనిపించింది. అయితే ఆ ముగ్గురిలో అందరికంటె తక్కువ ధర, రూ.55 లక్షలు, పలికిన కుర్రవాడు అభిషేక్. హైదరాబాద్ అతడి కోసం ఏళ్ల తరబడి ఓపిక పట్టింది. 2024లో 484 పరుగులు చేసిన అతణ్ణి ఆ ఏడాది చివర రూ.14 కోట్లకు అట్టిపెట్టుకున్నది. 2025 ఏప్రిల్‌లో పంజాబ్‌పై 55 బంతుల్లో అతడు చేసిన 141 పరుగులు ఐపీఎల్‌లో అప్పటికి భారతీయుడి అత్యధిక వ్యక్తిగత స్కోరు. ఢిల్లీకి పండిన కాయ దక్కింది, హైదరాబాద్‌కు చెట్టు మిగిలింది.

ఇరవై ఏడు కోట్ల పాట

2024 నవంబరులో సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగిన వేలం ఢిల్లీకి మరో పరీక్ష పెట్టింది. 2016 నుంచి జట్టులో ఉన్న రిషభ్ పంత్ వేలంలోకి వచ్చాడు. లక్నో పాట రూ.20.75 కోట్ల వద్ద ఆగగా, అదే ధరకు పాత ఆటగాణ్ణి తిరిగి తీసుకునే ‘రైట్ టు మ్యాచ్’ హక్కును ఢిల్లీ వినియోగించబోయింది. నిబంధన ప్రకారం లక్నోకు మరొక్కసారి ధర పెంచే అవకాశం లభించింది. అది ఏకంగా రూ.27 కోట్లు పలికింది. ఐపీఎల్ వేలంలో అప్పటి వరకు అంత ధర ఎవరూ పలకలేదు. ఢిల్లీ వెనక్కి తగ్గింది. అదే వేలంలో రూ.14 కోట్లకు కె.ఎల్. రాహుల్‌ను, రూ.11.75 కోట్లకు మిచెల్ స్టార్క్‌ను తీసుకున్నది. ఈ ఇద్దరి ధర కలిపి రూ.25.75 కోట్లు, అంటే పంత్ ఒక్కడి ధర కంటె తక్కువే.

ఫలితం 2025 మార్చి 24న విశాఖలో తేలింది. లక్నో నాయకుడు పంత్ పరుగులేమీ చేయకుండానే వెనుదిరిగాడు. చివరి ఓవరులో ఒక స్టంపింగ్ అవకాశాన్నీ జారవిడిచాడు. రూ.3.80 కోట్ల అశుతోష్ శర్మ 31 బంతుల్లో అజేయంగా 66 పరుగులు చేసి ఢిల్లీని ఒక వికెట్ తేడాతో గట్టెక్కించాడు. రాహుల్ ఆ సీజనులో 539 పరుగులు చేశాడు.

అయినప్పటికీ కథ సుఖాంతం కాలేదు. 2024లో మెరుపులు మెరిపించిన ఆస్ట్రేలియా యువకుడు ఫ్రేజర్-మెక్‌గర్క్‌ను రూ.9 కోట్లకు తిరిగి తీసుకోగా, 2025లో ఆరు మ్యాచ్‌లలో అతడు చేసినవి 55 పరుగులు మాత్రమే. వరుసగా నాలుగు విజయాలతో ఆరంభించిన జట్టు చివరకు అయిదవ స్థానంతో సరిపెట్టుకున్నది. సీజను ముగిశాక అతణ్ణి విడిచిపెట్టింది. 2025 నవంబరులో స్థానికుడు నితీశ్ రాణాను రూ.4.2 కోట్ల ధరపై రాజస్థాన్ నుంచి రప్పించుకున్నది. డిసెంబరు 16న అబుదాబిలో జరిగిన వేలంలో జమ్మూ కాశ్మీర్ పేసర్ ఆకిబ్ నబీకి రూ.8.40 కోట్లు వెచ్చించిన ఢిల్లీ, అనుభవజ్ఞుడైన డేవిడ్ మిల్లర్‌ను కనీస ధర రూ.2 కోట్లకే దక్కించుకున్నది.

విలువే ముఖ్యం

జరిగిపోయినదానికి విశ్లేషణ సులువన్న మాట నిజమే. 2008లో కోహ్లీ ఇంతటివాడవుతాడని గానీ, 2018లో అభిషేక్ ఇంతటివాడవుతాడని గానీ ఎవరూ చెప్పలేరు. కాని ఢిల్లీ పొరపాట్లలో ఒక పోలిక కనిపిస్తుంది. రానున్న ఒక్క సీజను అవసరాన్నే చూసి, చేతిలో ఉన్న ఆటగాడి రాబోయే విలువను తక్కువగా అంచనా వేయడం. నిరుడు మెరిసినవాడికి ఈ యేడు అధిక ధర చెల్లించడం. పంత్ విషయంలో ఒక ధర వద్ద ఆగడం, రాహుల్‌ను ఎంచుకోవడం ఆ అలవాటు కొంత మారిందనడానికి గుర్తులు.

అందరి సంచిలోనూ ఒకే సొమ్ము ఉన్నప్పుడు అధిక ధర పాడడం బలం కాదు. ఎక్కడ ఆగాలో తెలియడమే బలం. గఫార్ మార్కెట్‌లో పాత ఫోను మార్చుకునే విద్యార్థి సైతం ముందుగా తన చేతిలోని ఫోనుకు ధర ఎంతో నాలుగు దుకాణాలలో విచారిస్తాడు. కోట్లాలో కప్పు ఎత్తాలని ఆశించే జట్టు కూడా ముందుగా వేయవలసిన లెక్క అదే.