ఫొటోల హక్కులే తాకట్టు పెట్టిన ఫొటోగ్రాఫర్

బంగారం తాకట్టు పెట్టడం మనకు తెలుసు. ఇల్లు, పొలం కూడా తెలుసు. ఫొటోలు తాకట్టు పెట్టి కోట్లు తెచ్చుకోవడం ఎప్పుడైనా విన్నారా? అమెరికాలో సెలబ్రిటీ ఫొటోలకు నంబర్ వన్ అనిపించుకున్న ఆనీ లీబోవిట్జ్ అదే పని చేశారు.

ఆమె 1949లో కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రిది ఎయిర్ ఫోర్స్ ఉద్యోగం. శాన్ ఫ్రాన్సిస్కోకి పెయింటింగ్ నేర్చుకోవడానికి వెళ్లి కెమెరా పట్టుకున్నారు. 1970లో రోలింగ్ స్టోన్ మ్యాగజైన్‌కి పని మొదలుపెట్టి, మూడేళ్లలో చీఫ్ ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1980 డిసెంబర్ 8న గాయకుడు జాన్ లెనన్‌ను భార్య యోకో ఓనోతో కలిపి ఫొటో తీశారు. కొన్ని గంటలకే లెనన్ హత్యకు గురయ్యాడు. ఆ ఫొటోనే తర్వాత మ్యాగజైన్ కవర్ అయ్యింది. 1983 నుంచి వ్యానిటీ ఫెయిర్, ఆ తర్వాత వోగ్‌కి ఫ్యాషన్ ఫొటోలు. 2007లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ కూడా ఆమె కెమెరా ముందు కూర్చున్నారు.

ఇంత పేరున్న మనిషికి డబ్బుకేం తక్కువ అనుకుంటాం. కానీ ఖర్చు సంపాదనను దాటిపోయింది. న్యూయార్క్‌లో కొన్న పాత ఇళ్ల రిపేర్లు కోర్టు గొడవ దాకా వెళ్లాయి. అప్పు మీద అప్పు చేరి, చివరికి 2008లో ఆర్ట్ క్యాపిటల్ గ్రూప్ అనే కంపెనీ దగ్గర తీసుకున్న లోన్ మొత్తం 2.4 కోట్ల డాలర్లయ్యింది. దానికి షూరిటీగా ఇళ్లతో పాటు తన ఫొటోల హక్కులన్నీ పెట్టారు. సూద్ సంగతి వేరే చెప్పాలా?

హక్కుకి అంత విలువ ఎందుకంటే, ఫొటో తీసినందుకు ఫీజు ఒక్కసారే వస్తుంది. అదే ఫొటో పుస్తకంలోకో, క్యాలెండర్‌లోకో, ప్రకటనలోకో వెళ్లిన ప్రతిసారీ హక్కున్న వాళ్లకు మళ్లీ డబ్బొస్తుంది. అకౌంట్స్ భాషలో చెప్పాలంటే ఫీజు జీతం లాంటిది, హక్కు అద్దె వచ్చే ఇల్లు లాంటిది. ఆమె ఆ ఇంటినే పణంగా పెట్టారన్నమాట.

2009 జూలైలో కంపెనీ కోర్టుకెక్కింది. సెప్టెంబర్‌లో గడువు ముగుస్తుండగా రాజీ కుదిరింది. గడువు పొడిగించారు. హక్కులు అమ్మిపెట్టే అధికారాన్ని కంపెనీ నుంచి ఆమె తిరిగి కొనుక్కున్నారు. 2010లో ఆ అప్పును ఇంకో సంస్థ తీసుకుంది.

ఇదంతా న్యూయార్క్ సంగతే. కానీ ఈ హక్కు అనేది మన ఇంటి షాదీ ఆల్బమ్‌కి కూడా ఉంటుంది, చాలామందికి తెలీదు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారు తీయించుకున్న వాళ్లే. వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. ఫొటోగ్రాఫర్ జీతానికి పనిచేస్తుంటే మామూలుగా హక్కు యజమానికి పోతుంది. కాబట్టి ఈ పనిలో ఉన్న మన పిల్లలు తమ ఫొటోల మీద హక్కు కావాలనుకుంటే ముందే కాగితం రాసుకోవాలి.

ఇటు కుటుంబాల వాళ్లకూ పని ఉంది. నిఖా ఫొటోలు, ముఖ్యంగా ఆడవాళ్లవి, స్టూడియో వాళ్లు శాంపిల్‌గా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే తీసేయమని గట్టిగా అడిగే హక్కు మనకుంటుంది. కాకపోతే అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. ఫొటోలు వాడుకుంటామని అక్కడ ఉంటే కొట్టేయించి, ఇద్దరూ సంతకం పెట్టండి.