రెండు గాజు బిళ్ళలు, ఒక బ్లేడు

మైక్రాన్‌లో పదో వంతు తేడా వచ్చినా చెడిపోయే పని, ఖరీదైన యంత్రం లేకుండా ఇంట్లోనే అవుతుందంటే సీతాఫల్‌మండి మెకానిక్కులు ఒక పట్టాన నమ్మరు. టెలిస్కోపు అద్దం తయారీ అలాంటిదే. న్యూటన్ 1668లో రాగి, తగరం కలిపిన లోహపు అద్దాన్ని చేత్తోనే నున్నగా చేశాడు. 1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను పట్టుకున్నదీ బాత్ పట్టణంలో తను ఇంట్లో రుద్దుకున్న అద్దంతోనే. లోహం పోయి గాజు వచ్చింది గానీ రుద్దడం మాత్రం అలాగే ఉంది.

సమానమైన గుండ్రటి గాజు బిళ్ళలు రెండు కావాలి. ఒకదాన్ని బల్లకు బిగించి, కార్బోరండం పొడీ నీళ్ళూ చల్లి, రెండోదాన్ని దాని మీద ముందుకూ వెనక్కూ తోస్తారు. పై బిళ్ళ అంచు దాటి వేలాడినప్పుడల్లా దాని మధ్యభాగం కింది బిళ్ళ అంచు మీద ఒరుసుకుంటుంది. అందుకే పైదానికి నడుమ గుంట పడుతుంది, కిందిది అంచుల్లో అరిగి ఉబ్బెత్తవుతుంది. బిళ్ళను తిప్పుతూ, బల్ల చుట్టూ మనిషీ జరుగుతూ ఉండాలి. ఎటు జరిపినా, ఎటు తిప్పినా సందు లేకుండా అతుక్కుని ఉండగలిగిన వంపు గోళానిదొక్కటే. కాబట్టి గోళం దానంతటదే వస్తుంది. ఆరంగుళాల అద్దానికి 1200 మి.మీ. నాభ్యంతరం కావాలంటే గుంట లోతు 1.2 మి.మీ. ఉంటే చాలు.

80 నంబరు గరుకు పొడితో మొదలుపెట్టి 120, 220, 400 అంటూ మెత్తటి వాటికి వెళ్తారు. చప్పుడు భరించలేక కింది వాటావాళ్ళు వచ్చి తలుపు తట్టేది మొదటి దశలోనే. పొడి మార్చేటప్పుడు మాత్రం మడి కట్టుకోవాల్సిందే: బల్ల, చేతులు, బకెట్టు అన్నీ కడగాలి. పాత గరుకు రేణువు ఒక్కటి మిగిలినా గాజు మీద గీత పడుతుంది. చివరి మెరుగుకు కింది బిళ్ళ మీద పిచ్ అనే తారులాంటి పదార్థాన్ని కరిగించి పోసి, గళ్ళు కోసి, సీరియం ఆక్సైడ్‌తో రుద్దుతారు. హైదరాబాదు మే నెలలో పిచ్ మరీ మెత్తబడితే రోజిన్ కలిపి గట్టిపరుస్తారు. గట్టిదనాన్ని గోటితో నొక్కి చూడడమే.

అసలు గొప్పతనం పరీక్షలో ఉంది. దాన్ని 1858లో పారిస్‌లో ఫూకో కనిపెట్టాడు. అద్దానికి 2400 మి.మీ. దూరంలో, అంటే వక్రతా కేంద్రం దగ్గర, సన్నటి కాంతి బిందువు పెట్టి, తిరిగొచ్చే వెలుగును షేవింగ్ బ్లేడు అంచుతో మెల్లగా కోస్తారు. గోళమైతే అద్దమంతా ఒక్కసారే మసకబారుతుంది. టెలిస్కోపుకు అసలు కావలసిన పరావలయమైతే గారె ఆకారంలో నీడ పడుతుంది. బొటనవేలిని అద్దం మీద కాసేపు ఆనించి తీసి చూడండి: ఆ వేడికి ఉబ్బిన గాజు బొడిపెలా కనిపించి, చల్లారాక మాయమవుతుంది.

ఈ కొలతల అద్దంలో గోళానికీ పరావలయానికీ అంచు దగ్గర తేడా దాదాపు 0.3 మైక్రానే. మొదటి అద్దమైతే మంచి గోళం దగ్గరే ఆపేయడం మేలని నా అభిప్రాయం. ఈ నాభ్యంతరానికి అది సరిపోతుంది. పెద్దవాళ్ళూ పొరపడ్డారు మరి. 1990లో పైకి వెళ్ళిన హబుల్ అంతరిక్ష టెలిస్కోపు అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ అరిగింది. దాన్ని కొలిచిన పరికరంలోనే ఒక కటకం 1.3 మి.మీ. తప్పుగా అమరింది.

మన ఊరి పెద్ద టెలిస్కోపులు మాత్రం కొని తెచ్చినవే. బేగంపేటలోని నిజామియా వేధశాలకు 15 అంగుళాల గ్రబ్ కటక టెలిస్కోపు వచ్చింది. ఊళ్ళో దీపాలు పెరిగాక ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల అద్దపు టెలిస్కోపు పెట్టింది. అదీ అమెరికా నుంచి తెప్పించిందే. ఆ నిజామియాలో పనిచేసిన ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీ విద్యార్థి, ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు మాత్రం మన దేశంలోనే అద్దం రుద్దాలని పట్టుబట్టాడు. తమిళనాడులోని కావలూరు వేధశాలలో ఉన్న 2.34 మీటర్ల అద్దానికి ఆకారమిచ్చింది బెంగళూరులో. పరికరాలు పెద్దవి, కానీ రుద్దడం, చూడడం, మళ్ళీ రుద్దడం, వరస అదే. 1982లో బప్పు పోయాడు. 1986లో ఆ టెలిస్కోపుకు ఆయన పేరు పెట్టారు.

ఇంట్లో చేయలేనిది అల్యూమినియం పూత ఒక్కటే, దానికి శూన్యపు గది కావాలి. పూత లేని గాజు వెలుగులో నాలుగు శాతమే తిప్పి పంపుతుంది. చంద్రుడికి అదీ ఎక్కువే కాబట్టి, ఆత్రం ఆగనివాళ్ళు తార్నాక దీపాలను లెక్కచేయకుండా డాబా మీదికి తీసుకెళ్ళి ముందు చందమామను చూసేస్తారు, తర్వాతే పూతకు పంపుతారు.