చెరువు నీళ్లు, పిల్లల విరేచనాలు

ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్లకు గోదావరి నీళ్లు కాలువల్లో వస్తాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచీ ఆ నీళ్లే చేలకు, ఆ నీళ్లే చెరువులకు.

ఎండాకాలంలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. రోజులు గడిచేకొద్దీ చెరువు తగ్గిపోతుంది. పశువులు దిగుతాయి. గట్టు మీద పిల్లలు దొడ్డికి కూర్చుంటారు. మళ్లీ కాలువ వదిలాక మొదటి నీళ్లతో చెత్తంతా కొట్టుకొస్తుంది. ఆ వెనకే వానలు. కడుపు జబ్బులకు ఇదే అదను.

కొందరు చిల్లగింజ అరగదీసి బిందెలో కలుపుతారు. కొందరు పటిక తిప్పుతారు. నీళ్లు తేటపడతాయి, నిజమే. కానీ అడుక్కి దిగేది మట్టి. క్రిములు చావవు. వాటిని చంపాలంటే నీళ్లు కాయాలి. కళపెళ మరిగాక ఇంకో నిమిషం పొయ్యి మీదే ఉంచాలి. చల్లారాక మూత పెట్టాలి. కాడ ఉన్న గరిటెతోనే ముంచాలి. చెయ్యి ముంచిన బిందె మళ్లీ చెరువే!

దొడ్డికి వెళ్లొచ్చాక, పిల్లలకు కడిగాక, వంటకు ముందు, అన్నం పెట్టేముందు చేతులు సబ్బుతో కడగాలి. వట్టి నీళ్లు చాలవు.

చేపల పులుసు మర్నాటికే రుచి అంటారు గోదావరి వాళ్లు. రుచి మాట ఎలా ఉన్నా, రాత్రి పులుసును పొద్దున్న బాగా ఉడుకు పట్టేదాకా కాచాకే తినాలి. శివరాత్రికి భీమేశ్వరుడి గుడి దగ్గర కోసిపెట్టిన పళ్లు అమ్ముతారు. ఈగలు వాలిన ముక్క పిల్లలకు కొనిపెట్టకూడదు. కాయ కొని, కడిగి, ఇంట్లో కోసుకోవచ్చు.

ఇంత చేసినా ఒక్కోసారి బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు చాలా ఇళ్లలో ఒకటే మాట.

"అమ్మాయ్, నీళ్లు పట్టకే. పట్టినకొద్దీ పోతాయి."

"గండి పడిన మడికి బోదె కూడా కట్టేస్తే చేను బతుకుతుందా అత్తయ్యా?"

కోడలి మాటే నిజం. విరేచనాల్లో ఒంట్లోని నీరూ ఉప్పూ పోతాయి. ప్రాణం తీసేది అదే. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కాందిశీకుల్లో కలరా ప్రబలింది. బంగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు తాగించారు. నూటికి 30 మంది పోయేచోట చావులు 4 లోపుకు దిగాయి. పట్టించింది చాలావరకు ఇంటి మనుషులే.

ఆ మందే ఇప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లం. ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. లీటరు నీళ్లకు కలిపే పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. ఒక రోజు దాటితే పారబోయాలి. పొట్లం లేకపోతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయాలి. తలకొట్టు చెంచాలే. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. చెంచా చెంచాగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టాలి. తల్లిపాలు మానకూడదు. జింకు బిళ్లలు 14 రోజులు వేయాలి. విరేచనాలు కట్టాయని మధ్యలో ఆపకూడదు.

కళ్లు గుంటలు పడినా, ఒంటేలు రాకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఉంచకూడదు. 108కి ఫోను చేయాలి. బిడ్డ మింగగలిగితే, ఆసుపత్రికి వెళ్లేదాకా దారిలో కూడా ఆ నీళ్లు పడుతూనే ఉండాలి.