మెదడు మీద చాళ్లు

తల తిరుగుతోందంటే పెద్దాయనకు స్కానింగ్ తీయిస్తారు. రిపోర్టు చివర్లో ఓ మాట ఉంటుంది... 'ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ ఆట్రోఫీ'. మెదడు కుంచించుకుపోయిందట అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. ఇక అల్జీమర్స్ వచ్చేసినట్టేనని కొందరు ఖాయం చేసేస్తారు కూడా. నిజానికి డెబ్భై దాటినవారి రిపోర్టుల్లో ఆ మాట మామూలే.

మెదడు పైపొర మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. విప్పి పరిస్తే ఇంచుమించు దినపత్రికలో ఒక పేజీ అంత ఉంటుంది. అంత పొర పుర్రెలో ఇమడాలంటే ముడుచుకోక తప్పదు. అందుకే పైనుంచి చూస్తే దున్నిన చేనులా గట్లూ చాళ్లూ కనిపిస్తాయి. పొరలో మూడింట రెండొంతులు దాగి ఉండేది ఆ చాళ్లలోనే.

వయసుతోపాటు గట్లు సన్నబడతాయి, చాళ్లు వెడల్పవుతాయి. ఖాళీ అయిన చోటును మెదడు చుట్టూ ఉండే ద్రవం నింపుతుంది. ఈ మార్పు అంతటా ఒకేలా ఉండదు. నుదుటి వెనక భాగంలో ఎక్కువ. చూపును చక్కబెట్టే వెనక భాగంలో తక్కువ.

మరి ఇదంతా ఎప్పుడు మొదలవుతుంది? అరవైలోనా? కాదు! లక్షమందికి పైగా స్కాన్లను పరిశీలించిన ఓ అధ్యయనం 2022లో 'నేచర్' పత్రికలో వచ్చింది. దాని ప్రకారం పైపొర సగటు మందం గరిష్ఠంగా ఉండేది రెండేళ్లు నిండకముందే. ఆ తర్వాత పలచబడుతూనే ఉంటుంది. చిన్నతనంలో అది ఎదుగుదలలో భాగం.

వయసు పెరిగేకొద్దీ కణాలు కుప్పలుగా చచ్చిపోతాయన్నది పాత నమ్మకం. డెన్మార్క్ పరిశోధకులు 94 మంది మెదళ్లలో కణాలను లెక్కగట్టి 1997లో ఫలితాలు ప్రకటించారు. 20 ఏళ్లకీ 90 ఏళ్లకీ మధ్య తేడా పదిశాతమే! కణాలు పోవడంకన్నా అవి చిన్నవవడం, వాటి కొమ్మలు తగ్గడమే ఎక్కువ. కాబట్టి బొమ్మ చూసి భయపడటంకన్నా మనిషిని చూడటం మేలు. తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచిపోవడం వేరు, రోజూ నడిచే దారిలో తప్పిపోవడం వేరు. రెండోదైతే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే.

అలాగని ఈ మార్పును పూర్తిగా తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. మెదడు కాస్త చిన్నదైతే, దాన్నీ పైనున్న గట్టి పొరనూ కలిపే సన్నటి సిరలు సాగి బిగుతుగా ఉంటాయి. బాత్రూములో జారి తల గోడకు తగిలినా చాలు, అవి చిట్లొచ్చు. రక్తం కొద్దికొద్దిగా పేరుకుంటుంది. ఖాళీ ఉంది కాబట్టి వెంటనే ఏమీ తెలియదు. కొన్ని వారాల తర్వాత తలనొప్పి, మగత, నడకలో తూలు, మాటల్లో తడబాటు మొదలవుతాయి. అప్పటికి దెబ్బ సంగతి ఎవరికీ గుర్తుండదు, 'వయసైపోయింది కదా' అని సరిపెట్టుకుంటారు. రక్తం పలచబడే మందులు వాడేవారికి ముప్పు మరీ ఎక్కువ. సకాలంలో గుర్తిస్తే పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తారు. చాలామంది మళ్లీ మామూలుగా తిరుగుతారు.