మంచాన పడకముందే చూసుకోవలసిన ఆరోగ్యం

ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో ఉంటే సగం దిగులు తీరినట్టేనని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకం వట్టిది కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషన్లకు, క్యాన్సర్ చికిత్సకు పేదలకు పెద్ద ఆసరా అయింది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా కూడా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. కానీ ఇవైనా, ప్రీమియం కట్టి తీసుకునే పాలసీలైనా ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక అక్కరకొచ్చేవే. బీపీ చూపించుకోవడానికి, రోజూ వేసుకోవలసిన మాత్రకు వాటి నుంచి పెద్దగా ఏమీ రాదు. అందుకే బీమా లేదని ముందు జాగ్రత్తను వాయిదా వేయడంలో అర్థం లేదు. ఆ జాగ్రత్తకు కావలసినవి చాలావరకు ఉచితంగానో, కొద్ది ఖర్చుతోనో మన ఊళ్లోనే దొరుకుతున్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్, 31 కోట్ల మందికి పైగా బీపీ ఉన్నాయి. ఈ రెండూ ఏళ్ల తరబడి నొప్పి తెలియనివ్వకుండా మూత్రపిండాలను, కళ్లను, రక్తనాళాలను దెబ్బతీస్తాయి. పక్షవాతం వచ్చాకో, డయాలసిస్ మొదలయ్యాకో బయటపడితే కుటుంబం కుదేలవుతుంది. ముందే కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. 30 ఏళ్లు దాటినవారి ఇంటికి ఆశా కార్యకర్త ఒక ఫారం పట్టుకుని వస్తుంది. వయసు, పొగాకు, మద్యం అలవాట్లు, నడుము కొలత, శరీర శ్రమ, ఇంట్లో ఎవరికైనా ఉన్న జబ్బులు అడిగి మార్కులు వేస్తుంది. అవి 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. ఉపకేంద్రంలో బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కూడా పరీక్షలు చేయాలన్నది జాతీయ కార్యక్రమం. గర్భాశయ ముఖద్వారానికి పలుచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లబడిన చోటు కనిపిస్తే పై ఆసుపత్రికి పంపుతారు. బీపీ కూడా సరిగ్గా తెలియాలంటే అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చేయి గుండె ఎత్తులో పెట్టి, రెండుసార్లు చూపించుకుంటే చాలు.

ఇంత చిన్న పరీక్షలతో ఏమవుతుంది, వేలు పోసి ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటే నిశ్చింత కదా అనేవారున్నారు. వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ, రెండున్నర లక్షల మందిపై జరిగిన 15 అధ్యయనాలను 2019లో కలిపి చూసింది. ఏ లక్షణమూ లేనివారికి గంపగుత్తగా చేసే చెకప్‌ల వల్ల మరణాలు తగ్గినట్టు తేలలేదు. ఆ అధ్యయనాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవి, మన పరిస్థితి వేరన్న మాట నిజమే. అయినా అందులో మనకు పనికొచ్చేది ఉంది. పరీక్షల సంఖ్య పెరిగినంత మాత్రాన రక్షణ పెరగదు. నాలుగైదు సరైన పరీక్షలు, తేలిన జబ్బుకు మానకుండా మందు, ఇవే ప్రాణం నిలబెడతాయి.

మాత్ర మొదలుపెడితే జీవితాంతం మింగాలన్న భయం మరొకటి. చాలామందికి అది నిజమే. కానీ డాక్టరుకు చెప్పకుండా మానేస్తే బీపీ చడీచప్పుడు లేకుండా మళ్లీ పెరుగుతుంది. ఇక ఖర్చు. 2021-22లో దేశంలో వైద్యానికైన మొత్తం వ్యయంలో 39.4 శాతం జనం సొంత జేబులోంచే పెట్టుకున్నారు. ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ లాంటి పాత, నమ్మకమైన మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అక్కడ లేకపోతే జనౌషధి దుకాణంలో బ్రాండు మందుల కంటే బాగా చవక.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం కూలివారిది. దవాఖానాకు వెళితే ఆ పూట కూలి పోతుంది, వెళ్లినా ఒక్కోసారి మందులుండవు. దీన్ని కొట్టిపారేయలేం. హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లా నడిచి వెళ్లేంత దూరంలో కేంద్రం ఉండటం, అక్కడే రక్తం తీసుకుని పెద్ద ల్యాబుకు పంపడం దీనికి కొంత జవాబు. సాయంత్రం వేళలు, నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం మిగతా జవాబు. వీటిని గ్రామసభలో, వార్డు సమావేశంలో గట్టిగా అడగాలి. మంచాన పడ్డాక లక్షలు ఇచ్చే ప్రభుత్వం, పడకుండా కాపాడే మాత్రను నెలనెలా తప్పకుండా అందించడం న్యాయం. అది అడిగి తీసుకోవడం మన హక్కు.